రెండు ఆసుపత్రుల మధ్య మాట

ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే ఆ నర్సును అందరూ స్వెట్టరు సిస్టర్ అని పిలిచేవారు. థియేటర్ ఏసీ ఆమె ఒంటికి పడేది కాదు. మండుటెండల్లో కూడా పని దుస్తుల లోపల చేతుల్లేని ఊలు స్వెట్టరు ఉండాల్సిందే. బట్టలు మార్చుకునే గదిలో దాన్ని విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే, సిస్టర్ తన చలిని మనకు కాపలా పెట్టి వెళుతోందని తోటి నర్సులు ఆట పట్టించేవారు. ఆమె కూడా నవ్వేది. మనిషి మెతక, పని గట్టి. ఆమె పనికి వంక పెట్టిన డాక్టరు లేడు.

ఆ ఊళ్ళో పెద్ద ఆసుపత్రులు రెండే. ఒకటి ఊరికి ఎత్తున, గుట్ట మీద. రెండోది ఏటికి అవతల, పడవల రేవు పక్కన. జనం నోట్లో అవి కొండ ఆసుపత్రి, రేవు ఆసుపత్రి. చదువు అవగానే ఆమె కొండ ఆసుపత్రిలో చేరింది. పెళ్ళయినా, పిల్ల పుట్టినా అక్కడే ఉండిపోయింది. భర్త లారీ డ్రైవరు. లోడు ఎక్కిందంటే వారాల తరబడి ఇంటి మొహం చూసేవాడు కాదు. ఇంట్లో తోడు అత్తగారు. ఆవిడకు మోకాళ్ళు సహకరించకపోయినా నోరు బాగా సహకరించేది.

కూతురికి చెవులు వినపడవని మొదట కనిపెట్టింది ఆ అత్తగారే. ఒకరోజు ఆవిడ చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి ఇల్లంతా మోగింది. మూల కూర్చుని ఆడుకుంటున్న పిల్ల తల తిప్పలేదు. ఆవిడ కాసేపు అలాగే చూసి, గిన్నె తీసి ఈసారి కావాలని పడేసింది. పిల్ల ఆటలోనే ఉంది. కోడలు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఎవరికీ చెప్పకుండా పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలు చెప్పులు విప్పుతుండగా, "అమ్మాయ్, కాళ్ళు కడుక్కుని ఇలా వచ్చి కూర్చో. తొందరేం లేదు" అంది. అత్తగారు తొందరేం లేదనడం అదే మొదటిసారి. ఏదో ముంచుకొచ్చిందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

పరీక్షలు చేయించారు. చెవికి మిషన్లు పెట్టి చూశారు, లాభం లేకపోయింది. చివరికి ఒక డాక్టరు, మందుల కోసం తిరగడం ఆపి పిల్లకు చేతుల భాష నేర్పించండి, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది అన్నాడు. ఊళ్ళో చెవిటి పిల్లల బడి ఒక్కటే ఉంది. అది ఏటికి అవతల, రేవు ఆసుపత్రి వెనక సందులో.

చిక్కంతా అక్కడే వచ్చింది. గుట్ట మీద ఆపరేషన్లు పొద్దున్నే మొదలవుతాయి. బడి ఆ తరవాత తెరుస్తారు, థియేటర్ ఖాళీ కాకముందే మూసేస్తారు. ఇంటి నుంచి బడికి రెండు బస్సులు మారాలి, వంతెన దాటాలి. అత్తగారు గుమ్మం దాటితే గొప్ప. భర్త ఏ రోడ్డు మీద ఉన్నాడో అతనికే తెలియదు. దీనికి దారి ఒక్కటే కనిపించింది. రేవు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికితే పొద్దున పిల్లను బడిలో దింపి, సాయంత్రం చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు. పైగా ఆ బడిలో తల్లిదండ్రులకు సాయంత్రాలు చేతుల భాష నేర్పుతారు. థియేటర్ నర్సులు కావాలని రేవు ఆసుపత్రి గేటు మీద పెద్ద అక్షరాలతో బోర్డు కూడా ఉంది.

వెళ్ళింది. అక్కడి మేట్రన్ నిండుగా ఉన్న మనిషి, మాట కలుపుకోలుగా ఉంది. నాలుగు ప్రశ్నలు అడిగేసరికే ఆవిడ మొహం విప్పారింది. మనిషి దొరక్క ఆపరేషన్లు వాయిదా వేస్తున్నాం, ఎప్పుడు చేరతావు అని అడిగింది. టీ తెప్పించింది. టీ తాగుతూ దరఖాస్తు కాగితం తిరగేసి, ఇప్పుడు పనిచేస్తున్నది ఎక్కడో చూసింది. అక్కడితో ఆవిడ మాట తెగింది. కాగితం పక్కన పెట్టి, కబురు చేస్తామంది.

కబురు రాలేదు. నాలుగు రోజుల తరవాత కొండ ఆసుపత్రి సూపరింటెండెంట్ వరండాలో ఎదురుపడి, "ఏమ్మా, రేవు గాలి తగిలిందటగా? ఇక్కడ నీకేం తక్కువైంది?" అని నవ్వుతూ అడిగాడు. ఇంట్లో అత్తగారికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఇతనికెలా తెలిసిందని ఆమె బుర్ర బద్దలు కొట్టుకుంది. పై ఏడాది మళ్ళీ వెళ్ళింది. ఆ పై ఏడాది ఇంకోసారి. గేటు మీద బోర్డు ఎండకు వెలిసిపోతే కొత్త రంగు వేశారు గానీ, ఆమెను మాత్రం పిలవలేదు.

కారణం చెప్పనప్పుడు మనిషి కారణాన్ని తనలోనే వెతుక్కుంటుంది. తన గురించి ఎవరో ఏదో చెప్పి ఉంటారనుకుంది. ఎప్పుడో ఒక ఆపరేషన్‌లో చేతిలోంచి పరికరం జారిన రోజు గుర్తొచ్చింది. ఇంకెప్పుడో ఒక పెద్ద డాక్టరు విసుక్కున్న రోజు గుర్తొచ్చింది. తాను అనుకున్నంత మంచి నర్సు కాదేమో, ఇన్నాళ్ళూ మొహమాటానికి భరిస్తున్నారేమో అన్న అనుమానం లోపల పాతుకుపోయింది. జీతం పెంచమని అడగడం కూడా ఆ తరవాత మానేసింది.

అడకత్తెరలో పోకచెక్క అయింది బతుకు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు, మానకపోతే పిల్లకు చదువు లేదు. చివరికి ఆరేళ్ళ పిల్లను బడి హాస్టల్లో చేర్చారు. చేర్చిన రోజు ఆ పిల్ల ఏడవలేదు. ఎందుకు తీసుకొచ్చారో, ఎందుకు వదిలేసి వెళుతున్నారో చెప్పడానికి తల్లి దగ్గర మాటలు లేవు, పిల్ల దగ్గర చెవులు లేవు. గేటు దగ్గర తల్లి చెయ్యి ఊపింది. పిల్ల కూడా, షికారుకు వెళ్ళేవాళ్ళకు ఊపినట్టు, చెయ్యి ఊపింది.

ఆదివారాలు పిల్ల ఇంటికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ దాని చేతుల్లో కొత్త మాటలుండేవి. తల్లికి అన్నం, నీళ్ళు, స్నానం, పడుకో, రా, వద్దు లాంటివే వచ్చు. సాయంత్రం తరగతికి ఒకటి రెండుసార్లు పరిగెత్తింది. వంతెన దాటేసరికి తరగతి అయిపోయి, టీచరు బోర్డు తుడుస్తోంది. తండ్రికి ఆ మాత్రం కూడా రాలేదు. లారీ హారన్ కొడుతున్నట్టు చెయ్యి చూపిస్తే కూతురు నవ్వేది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న మాట అదొక్కటే.

నాయనమ్మ మాత్రం వేరే భాష కల్పించింది. పక్కింటావిడ అంటే ముక్కు మూసుకోవడం, ఇంటి ఓనరంటే మీసం మెలేయడం, కోడలంటే చలికి ముడుచుకోవడం. ఆదివారం ఆ ముసలావిడా పిల్లా మంచం మీద కూర్చుని వీధిలో వాళ్ళందరినీ చేతులతోనే ఉతికి ఆరేసేవారు. "నోరున్నవాళ్ళు మాట్లాడి ఉద్ధరించిందేముందిలే అమ్మాయ్" అనేది ఆవిడ.

పిల్లకు పదేళ్ళప్పుడు ఆవిడ పోయింది. హాస్టల్ నుంచి పిల్లను తీసుకొచ్చారు. ఇంటినిండా జనం. అమ్మా, నాయనమ్మకేమైంది అని పిల్ల చేతులతో అడిగింది. చావుకు చేతుల భాషలో ఏమంటారో తల్లికి తెలియదు. తెలిసిన వాటిలో దగ్గరగా ఉన్నది చూపించింది, చెంప కింద చెయ్యి పెట్టి. పిల్ల సరేనని ఒక పక్కన కూర్చుంది. ఆవిడను తీసుకుపోతుంటే లేచి అందరి చేతులూ పట్టుకుని లాగింది, పడుకున్న మనిషిని ఎక్కడికి మోసుకుపోతున్నారని. తరవాత వచ్చిన రెండు మూడు ఆదివారాలు వచ్చీ రాగానే నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళి చూసేది. బడిలో టీచరు ఎప్పుడో విడమరిచి చెప్పినట్టుంది. ఒక ఆదివారం వచ్చి మంచం వైపు చూడలేదు. ఆ రోజు తల్లితో ఒక్క మాట కూడా కలపలేదు.

ఇలా ఇంకో నాలుగేళ్ళు గడిచాయి. ఒకనాడు కొండ ఆసుపత్రిలో పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేయించుకోవడానికి ఒక పెద్దావిడ చేరింది. రేవు ఆసుపత్రి మేట్రన్. అప్పటికి రిటైరయింది. థియేటర్లో ఆవిడ ఈమెను గుర్తుపట్టింది. మర్నాడు వార్డుకు పిలిపించి, తలుపు దగ్గరికి వేయమంది.

"నీకో మాట చెప్పాలమ్మా. అప్పుడే చెప్పాల్సింది, ఉద్యోగం పోతుందని భయపడ్డాను" అంది. "నీ తప్పేం లేదు. మీ ఆసుపత్రి వాళ్ళను మేం తీసుకోకూడదు, మా వాళ్ళను మీ ఆసుపత్రి తీసుకోకూడదు. పై వాళ్ళిద్దరూ ఏదో విందులో అనుకున్న మాట అది. ఎవరైనా అడగడానికొస్తే అవతలి వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి."

"ఎందుకు మేడమ్?"

"ఎందుకేముంది. నీకోసం ఇద్దరూ పోటీపడితే జీతం పెంచాలి కదా. మీరు ఎక్కడికీ పోలేరంటే ఇచ్చిందే జీతం."

ఆమెకు మొదట కోపం రాలేదు. ఏళ్ళ తరబడి గుండెల మీదున్న బండ దిగినట్టయింది. నేను పనికిమాలినదాన్ని కానన్నమాట అనుకుంది. థియేటర్‌కు తిరిగి వెళ్ళింది, చేతులు కడుక్కోవడానికి పంపు తిప్పింది. అప్పుడు హాస్టల్ గేటు కళ్ళముందు కదిలింది. చేతులు కడగకుండానే పంపు కట్టేసింది.

బట్టలు మార్చుకునే గదిలో ఈ సంగతి చెబితే, ఒక్కొక్కరూ తమ కథ బయటపెట్టారు. ఒకావిడ రేవు ఆసుపత్రికి వెళ్ళి రెండుసార్లు భంగపడింది. ఇంకొకావిడ అక్కణ్ణుంచి ఇక్కడికి రాలేక నర్సు పనే మానేసి బట్టలకొట్లో చేరిన తన చెల్లెలి గురించి చెప్పింది. ప్రతివాళ్ళూ లోపం తమలోనే ఉందనుకుని నోరు మూసుకున్నవాళ్ళే. దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టు, ఇద్దరు యజమానులు తమను పంచుకున్నారని అప్పుడు తెలిసింది.

కాంపిటీషన్ కమిషన్ అని ఒకటుందని, పైకి పోటీ పడుతూ లోపల చేతులు కలిపే వ్యాపారులను అది పట్టుకుంటుందని వాళ్ళలో ఒకావిడ తమ్ముడు చెప్పాడు. అతను వకీలు దగ్గర గుమాస్తా. మొదట ఆమె నమ్మలేదు. అలాంటివి సిమెంటుకూ, టైర్లకూ గానీ నర్సులకెక్కడివి అంది. అయినా కలిసి ఫిర్యాదు పెట్టారు. కమిషన్ నుంచి వచ్చిన దర్యాప్తు అధికారి నడివయసు మనిషి. ఆవిడ మేట్రన్‌తో మాట్లాడింది, నర్సులతో మాట్లాడింది. ఇన్నాళ్ళూ మేం సరుకుల ధరలే చూశామని, ఈమధ్యే పనివాళ్ళ విషయంలో జరిగే కుమ్మక్కుల మీద కూడా దృష్టి పెడుతున్నామని, ఇక్కడ ఇదే మొదటిదని చెప్పింది.

ఒక పొద్దున రెండు ఆసుపత్రుల ఆఫీసు గదుల్లోకీ ఒకేసారి కమిషన్ వాళ్ళు దిగారు. కంప్యూటర్లు, ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. ఆ వేళకు ఆమె థియేటర్లో ఉంది. బల్ల మీద మనిషి కడుపు తెరిచి ఉంది. బయట పరుగులు, గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. కుట్లు వేసే ముందు లోపల ఏ గుడ్డముక్కా మిగిలిపోలేదని లెక్క చూసి, సరిపోయిందని డాక్టరుకు చెప్పింది. తరవాతే గోడకు ఆనుకుంది.

ఆ వారంలోనే ఆమె ఊహించనిది జరిగింది. కొండ ఆసుపత్రి యజమాని వకీళ్ళను వెంటబెట్టుకుని కమిషన్ దగ్గరికి పరిగెత్తి, తప్పు చేశామని ఒప్పుకున్నాడు. ఎవరెవరు ఎప్పుడు ఏమనుకున్నారో మొత్తం కక్కేశాడు. కుమ్మక్కైన వాళ్ళలో ముందు వచ్చి ఒప్పుకున్నవాళ్ళకు జరిమానా మాఫీ. చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. జరిమానా మొత్తం రేవు ఆసుపత్రి మీద పడింది.

ఇదేం న్యాయమని ఆమె అధికారి దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆవిడ తల దించుకోలేదు గానీ, గొంతు తగ్గించింది.

"ఇద్దరే కూర్చుని అనుకున్న మాటకు ఆ ఇద్దరే సాక్షులు. మాఫీ లేకపోతే ఎవడూ నోరు విప్పడు. మీ మాటా, మేట్రన్ మాటా మాత్రమే ఉంటే కేసు నిలిచేది కాదు."

"నన్ను పోనివ్వనిది ఆ కొండ ఆసుపత్రి వాళ్ళే కదండీ."

"తెలుసు" అంది అధికారి.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తకు ఈ సంగతి చెప్పింది. చేయి కడుక్కుంటూ, దొంగల్లో ముందు పరిగెత్తినవాడు దొరైపోయాడు అన్నాడు.

తరవాత నర్సులు పెనం మీంచి పొయ్యిలో పడ్డారు. జరిమానా మీద రేవు ఆసుపత్రి అప్పీలుకు వెళ్ళింది, ఓడింది, డాక్టర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆసుపత్రి అమ్మకానికి వచ్చింది. కొన్నది కొండ ఆసుపత్రి. రెండు పెద్ద సంస్థలు ఒకటి కావాలంటే కమిషన్ అనుమతి కావాలి. ఎవరూ కొనకపోతే మూతపడుతుందని, మూతపడితే రోగులకు అన్యాయమని వకీళ్ళు వాదించారు. కొన్నేళ్ళు ఫీజులు పెంచకూడదన్న షరతు మీద అదే కమిషన్ అనుమతి ఇచ్చింది. నర్సుల జీతాల ఊసు ఆ షరతుల్లో లేదు. మా వాళ్ళను మీరు తీసుకోవద్దని ఇక ఎవరూ ఎవరికీ చెప్పే పనిలేదు. ఊళ్ళో నర్సుకు యజమాని ఒక్కడే.

కొత్త యాజమాన్యం ఆమెను రేవు భవనానికి బదిలీ చేసింది. ఆమె అడగలేదు, వాళ్ళు కారణం చెప్పలేదు. థియేటర్ కిటికీలోంచి వెనక సందు కనిపిస్తుంది, సందులో బడి కనిపిస్తుంది. అప్పటికి కూతురు చదువు ముగించి వేరే ఊరికి వెళ్ళిపోయింది. కళ్ళద్దాలు అరగదీసే వర్క్‌షాపులో పని. పక్కన పనిచేసేవాళ్ళు చాలామంది తనలాంటివాళ్ళే. ఫోన్లో పొడిపొడిగా నాలుగు మాటలు టైపు చేసి పంపేది. బాగున్నాను. తిన్నాను. సెలవు లేదు.

నష్టపరిహారం కోసం నర్సులు ట్రిబ్యునల్‌లో వేసిన దావా మిగిలింది. జరిమానా తప్పించుకున్నా పరిహారం తప్పించుకోలేరని వకీలు ధైర్యం చెప్పాడు. కూతురు కూడా వచ్చి సాక్ష్యం చెబితే మంచిదన్నాడు. కూతురు వస్తానంది. బడి నుంచి ఒక టీచరు దుబాసీగా వచ్చింది. చిన్న గది, పైన ఫ్యాను కిరకిరలాడుతోంది. తల్లి ముందు వరసలో కూర్చుంది.

హాస్టల్లో ఎందుకు ఉన్నావని వకీలు అడిగాడు. కూతురి చేతులు కదిలాయి. ఆ వేగం తల్లి కళ్ళకు అందలేదు. టీచరు గొంతు వినిపించింది.

"నేను వినలేనని ఇంట్లో వాళ్ళకు సిగ్గు అనుకున్నాను. నన్ను చుట్టాలు చూడకూడదని అక్కడ పెట్టారనుకున్నాను. అమ్మ నాతో మాట్లాడకపోవడం కూడా అందుకే అనుకున్నాను. వకీలుగారు కబురు చేసేదాకా నాకు ఈ ఒప్పందం సంగతి తెలియదు."

తల్లి లేచి నిలబడింది. కూర్చోమన్నారు. కూతురు ఆమె వైపు చూడలేదు. ట్రిబ్యునల్ అధ్యక్షుడి వైపే చూస్తోంది.

ఆసుపత్రి తరఫు వకీలు మర్యాదగానే మాట్లాడాడు. ఇది బాధాకరమేనన్నాడు. కానీ పిల్లను హాస్టల్లో పెట్టడం కుటుంబం తీసుకున్న నిర్ణయమని, ఒప్పందం లేకపోయినా ఈ సిస్టర్‌కే ఉద్యోగం వచ్చేదన్న రుజువేదని, చట్టం చూసేది జీతంలో తేడానే గానీ మనసులో తేడా కాదని అన్నాడు. ట్రిబ్యునల్ చాలావరకు అతని మాటే వింది. కొంతకాలం జీతాల తేడా ఇవ్వమంది. దాని మీద కూడా ఆసుపత్రి పైకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఫిర్యాదు పెట్టినవాళ్ళలో ఇద్దరు ఈలోపే రిటైరయ్యారు.

సాక్ష్యం చెప్పిన రోజు ట్రిబ్యునల్ మెట్ల దగ్గర టీచరు ఉండబట్టి తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. నీ మీద సిగ్గు ఎప్పుడూ లేదని చెప్పమని టీచరును అడిగింది తల్లి. టీచరు చెప్పింది. కూతురు తల ఊపి, ఇప్పుడు తెలిసింది అంది. కాస్త ఆగి, చిన్నప్పుడు తెలిస్తే బాగుండేది అంది. టీచరు రెండో మాట చెప్పడానికి తటపటాయించింది గానీ, చెప్పింది. తరవాత కూతురు బస్సెక్కి వెళ్ళిపోయింది. మూడు నాలుగు నెలలు ఒక్క మెసేజీ లేదు.

ఆమె ఇప్పుడు డ్యూటీ దిగాక వెనక సందులో బడికి వెళుతోంది. తరగతిలో అందరూ చిన్నవయసు తల్లిదండ్రులు. ఈమెను చూసి మనవడి కోసం నేర్చుకుంటున్నారా అని అడుగుతారు. అవునూ కాదూ అనదు. ఏళ్ళ తరబడి పరికరాలు పట్టుకున్న వేళ్ళు బిగిసిపోయాయి. టీచరు ఆ వేళ్ళను తన వేళ్ళతో విప్పి, ఇలా, ఇంకా వదులుగా అని చూపిస్తుంది. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంది. భర్త తలుపు దగ్గర నిలబడి చూస్తాడు, లోపలికి రాడు.

మొన్న ఒక ఆదివారం కూతురు తనంతట తానే వీడియో కాల్ చేసింది. ఆమె కంగారుగా ఫోన్ గ్లాసుకు ఆనించి నిలబెట్టి, నేర్చుకున్న ప్రకారం ఎలా ఉన్నావని అడిగింది. కూతురి కనుబొమలు పైకి లేచాయి. బాగున్నానని చెప్పి, ఇంకేదో చెప్పింది. ఆమెకు అందలేదు. మళ్ళీ చెప్పమని సైగ చేసింది. కూతురు నెమ్మదిగా, ఒక్కొక్కటీ విడగొట్టి చెప్పింది. అప్పుడూ అందలేదు. మూడోసారి అడగలేక, అర్థమైనట్టు తల ఊపింది.

అర్థం కాలేదని కూతురికి తెలిసిపోయింది. కాల్ ఆపకుండానే కింద టైపు చేసింది.

ఏం లేదమ్మా. ఇక్కడ పొద్దుట్నించీ వాన అన్నాను.